పంచాయతీలో ఇంటి లైసెన్స్: ఏజెన్సీకి రెండు స్టార్లు, టేపుతో వచ్చిన బిల్ కలెక్టర్‌కి ఐదు

బెంగళూరు బయట, హోస్కోట దాటాక, ఒక గ్రామ పంచాయతీలో మాకు 30 బై 40 సైట్ ఉంది. అందులో ఇల్లు కట్టుకోవడానికి ప్లాన్, లైసెన్స్ అన్నీ మేమే తెచ్చిపెడతాం అన్న ఒక ఏజెన్సీకి డబ్బు కట్టి, మూడు నెలలు ఎదురు చూసి, చివరికి సగానికి పైగా పని నేనే చేసుకున్నాను. ఆ సర్వీసు ఎలా ఉందో రాస్తున్నా. పేరు రాయను. ఆ రోడ్డు పొడుగునా ఇలాంటి ఆఫీసులు బోలెడు, బోర్డు రంగు మారుతుంది అంతే, లోపల గాజు టేబుల్, దాని మీద ప్లాస్టిక్ గులాబీలు, వెనక గోడకి ఎక్కడిదో దుబాయ్ బిల్డింగ్ ఫొటో, అన్నిట్లో ఒకటే. మీరు వెళ్లబోయేది మేం వెళ్లినదే కావచ్చు, దాని పక్కది కావచ్చు, పెద్ద తేడా ఉంటుందని నేననుకోను.

మాది కదిరి. పదమూడేళ్లుగా రామ్మూర్తినగర్‌లో అద్దెకుంటున్నాం. 2021లో సైట్ కొన్నప్పుడు మామయ్య ఫోన్‌లో అడిగిన మొదటి మాట "ఎన్ని సెంట్లమ్మా?" అని. ఇక్కడ ఎవరూ సెంట్లు అనరు, గుంటలంటారు, ఎకరాకి 40 గుంటలు, గుంటకి 1089 చదరపు అడుగులు. మాది 1200. లెక్కేసి, రెండు ముప్పాతిక సెంట్లు మామయ్యా అంటే అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా "మన పశువుల కొట్టం అంతకంటే పెద్దది కదమ్మా" అన్నారు. నిజమే. కానీ కొట్టానికి లైసెన్స్ అడిగినవాడెవడూ లేడు.

ఏజెన్సీ ఎలా తగిలిందంటే, మా ఆయన ఆఫీసులో ఒకాయన వాళ్ల దగ్గర చేయించుకున్నాడట, బాగానే అయిందట. 2025 జనవరిలో ఒక ఆదివారం వెళ్లాం. అక్కడ కూర్చున్న అబ్బాయి మేం నోరు తెరవగానే తెలుగులోకి దిగిపోయాడు. హోస్కోట, మాలూరు, చింతామణి వైపు ఊళ్లలో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు కాబట్టి అందులో వింతేమీ లేదు, అయినా పరాయి చోట మన మాట వినపడితే మనసు మెత్తబడిపోతుంది చూడండి, అక్కడే మనం దొరికిపోతాం. "మీరు ఒక్కసారి కూడా పంచాయతీ మెట్టెక్కే పని లేదక్కా, అన్నీ కలిపి 65 వేలు, 45 రోజులు" అన్నాడు. మా కాగితాల జిరాక్స్ కట్ట తీసుకున్నాడు. తిప్పి చూడలేదు. పక్కన రెండు చిల్లులు పొడిచి ఫైల్లో పెట్టేశాడు. టెస్టు రిపోర్టులు చూడకుండా మందు రాసే డాక్టర్ని నేను జన్మలో నమ్మను, మరి ఆ రోజు ఈ అబ్బాయిని ఎలా నమ్మానో నాకే తెలీదు. అడ్వాన్స్ 30 వేలు ఫోన్‌పే చేసి, కింద బేకరీలో టీ తాగి, సగం ఇల్లు కట్టేసినంత సంబరంగా ఇంటికొచ్చాం.

ఇక్కడ కాస్త ఆగి, కాగితాల సంగతి చెప్తాను. ఇవి నేను తర్వాత నేర్చుకున్నవి, ముందే తెలిసుంటే ఆ 30 వేలు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని.

బెంగళూరు చుట్టుపక్కల పల్లె భూమిలో ఇల్లు కట్టాలంటే మొదట తేలాల్సింది ప్లాన్ సంగతి కాదు, నేల సంగతి. అది ఊరి గ్రామఠాణాలో (మన గ్రామకంఠం లాంటిది) ఉన్న జాగానా, లేక వ్యవసాయ భూమిని మార్పించి వేసిన లేఅవుటా? వ్యవసాయ భూమి అయితే 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద కన్వర్షన్ కావాలి, అందరూ డీసీ కన్వర్షన్ అనేది దాన్నే, డీసీ అంటే ఇక్కడి జిల్లా కలెక్టర్. అది ఉన్నంత మాత్రాన అయిపోదు, మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఆ సర్వే నంబరు పసుపు రంగులో ఉందా ఆకుపచ్చలో ఉందా చూడాలి. పసుపంటే నివాసం, ఆకుపచ్చంటే వ్యవసాయం. హోస్కోట, నెలమంగల, ఆనేకల్ లాంటి చోట్ల వేరువేరు ప్లానింగ్ అథారిటీలున్నాయి, దేవనహళ్ళి వైపు ఎయిర్‌పోర్టు చుట్టూ ఇంకొకటుంది. లేఅవుట్‌కి అప్రూవల్ ఇచ్చేది వాళ్లు. అది ఉన్న సైట్‌లో మనలాంటి చిన్న ఇంటికి లైసెన్స్ అడగాల్సింది పంచాయతీని, 1993 పంచాయతీరాజ్ చట్టంలో 64వ సెక్షన్ ఆ అధికారం వాళ్లకిస్తుంది, రాతపూర్వక అనుమతి లేకుండా కొత్తది కట్టకూడదు, ఉన్నదానికి కలపకూడదు.

తర్వాతది ఖాతా, అంటే పంచాయతీ పుస్తకంలో ఆస్తి మన పేరున ఉండటం. పంచాయతీ ఆస్తుల రికార్డులు 2013 నుంచి ఈ-స్వత్తు అనే సాఫ్ట్‌వేర్‌లో, కంప్యూటర్‌లో ఉంటున్నాయి. ఫారం 9 అంటే ఆస్తి రిజిస్టర్ నకలు. 11ఎ అంటే పన్ను ఎంత, కట్టిందెంత, బాకీ ఎంత అన్న నకలు. ఈ రెండూ ఉంటే సరే. 11బి అని మూడోది ఉంది, సైట్లు అమ్మేవాళ్లు "ఖాతా ఉంది సార్, పన్ను కూడా కడుతున్నాం" అని దీన్నే చూపిస్తారు. పంచాయతీ ఆ ఆస్తిని పుస్తకంలోకి ఎక్కించి పన్ను వేస్తోంది అంటే అది సక్రమమైన లేఅవుట్ అని కాదు, పన్ను రసీదు చూసి మురిసిపోయినవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు. మాది అదృష్టం కొద్దీ ఫారం 9. ఆ అదృష్టంలోనే ఒక ముల్లు ఉందని నాకు ఏప్రిల్‌లో తెలిసింది.

సరే, ఏజెన్సీ దగ్గరికొద్దాం.

మూడు వారాలకి ప్లాన్ పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చింది. చూడ్డానికి బాగుంది, మెట్లు, పూజగది, పైన ట్యాంకు, అన్నీ ఉన్నాయి. కింద కుడి మూలలో, యజమాని పేరు రాసే చోట, మా పేరు లేదు. వేరే ఎవరిదో పేరు, వేరే ఊరి సర్వే నంబరు. ఫోన్ చేస్తే "అయ్యో అక్కా, టెంప్లేట్‌లో పాతది ఉండిపోయింది, అరగంటలో మార్చి పంపిస్తా" అన్నాడు. మార్చాడు కూడా, అరగంట కాదు నాలుగు రోజులకి. పేరొక్కటే మార్చాడని మాత్రం అప్పుడు పట్టుకోలేకపోయాం. మా సైట్ ఉత్తరం రోడ్డు. ప్లాన్‌లో తూర్పు రోడ్డు. మా ఆయన ఇంజనీరే, కానీ సాఫ్ట్‌వేర్, అంచేత ఉత్తరం బాణం ఎటుందో ఇద్దరం చూడలేదు. ముందు వరండా బాగుంది కదా అనుకున్నాం.

ఆ తర్వాత మౌనం. ఫిబ్రవరి అంతా "ఫైల్ పంచాయతీలో ఉందక్కా", మార్చి అంతా "పీడీఓ సార్ మీటింగ్‌లో ఉన్నారక్కా". నాకు ఆ పీడీఓ, అంటే పంచాయతీ అభివృద్ధి అధికారి గారి మీద జాలి వేసేది, పాపం ఇన్ని మీటింగులా అని. తీరా చూస్తే పాపం నిజంగానే ఆయనకి రెండు పంచాయతీల బాధ్యత ఉందట, మాకు వారంలో రెండు రోజులే వస్తారట. ఆ ముక్క ఏజెన్సీ చెప్పలేదు, పంచాయతీ ఆఫీసు గేటు దగ్గర జిరాక్స్ షాపు ఆవిడ చెప్పింది. మీరు కూడా ఏ పంచాయతీకి వెళ్లినా మొదట ఆ పక్కనున్న జిరాక్స్ షాపులో రెండు కాపీలు తీయించుకోండి, పని ఉన్నా లేకపోయినా.

మార్చి చివర్లో ఇంకో 20 వేలు అడిగారు. అప్పుడు నాకు చిర్రెత్తింది. అప్లికేషన్ నంబరు ఇమ్మన్నాను. ఇక్కడ సకాల అని ఒక చట్టముంది, 2011 నాటిది, దాని కిందికొచ్చే సేవకి దరఖాస్తు ఇస్తే ఒక నంబరుతో రసీదు ఇవ్వాలి, గడువు దాటితే రోజుకి 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం అడగొచ్చు. 500 కోసం కాదు నా గొడవ, నంబరు ఉందంటే ఫైల్ ఉందని. "పంపిస్తా అక్కా" అన్నాడు. మర్నాడు పంపిస్తానన్నాడు. మూడో రోజు నా ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు సెలవు పెట్టి నేనే బయల్దేరాను.

పంచాయతీ ఆఫీసంటే నేనేదో భయంకరంగా ఊహించుకున్నాను. పసుపు గోడలు, బయట వేపచెట్టు, చెట్టు కింద రెండు సిమెంటు బెంచీలు, లోపల బాపూజీ సేవా కేంద్రం అన్న బోర్డు కింద ఒక కంప్యూటర్, ఒక అమ్మాయి. నా కన్నడ బస్సు కండక్టర్‌తో, కూరగాయల బండితో మాట్లాడేంత. సర్వే నంబరు, సైట్ నంబరు చెప్పగానే ఆ అమ్మాయి రిజిస్టర్‌లో చూసి, ఫిబ్రవరి 11న వచ్చింది, ఫిబ్రవరి 19న తిప్పి పంపేశాం అంది. తిప్పి పంపేశారు! నలభై రోజుల కింద. కారణం ఒక్క లైన్‌లో ఉంది: ప్లాన్ కొలతలు, ఫారం 9 కొలతలు సరిపోవడం లేదు. నేను నెలంతా పీడీఓ గారి మీటింగుల్ని తిట్టుకుంటుంటే ఆ కాగితం ఏజెన్సీ వాళ్ల గులాబీల పక్కనే పడుంది.

బెంచీ మీద కూర్చుని ఫారం 9 మొదటిసారి అక్షరం అక్షరం చదివాను. కొన్నప్పటి నుంచీ నా బీరువాలోనే ఉన్న కాగితం. అందులో కొలతలు మీటర్లలో ఉంటాయి. 30 అడుగులంటే 9.14, 40 అడుగులంటే 12.19. సేల్ డీడ్‌లో తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 40 అని ఉంది. ఫారం 9లో తూర్పు పడమరలు 12.19. ఉత్తర దక్షిణాలు 9.14. ఎవరో ఎక్కించేటప్పుడు తిరగేసి కొట్టారు. మొత్తం విస్తీర్ణం మారదు కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు, పన్ను కూడా మారదు, నాలుగేళ్లుగా కడుతున్నాం. ఏజెన్సీ ప్లాన్ డీడ్ కొలతలతో గీసింది, రోడ్డు మాత్రం తూర్పున పెట్టింది, అంటే డీడ్‌కీ సరిపోదు, ఫారం 9కీ సరిపోదు, నేలకీ సరిపోదు. మూడిట్లో దేన్నీ చూడకుండా గీస్తే తప్ప అంత కచ్చితంగా అన్నిటికీ తప్పు రాదు.

ఆ అబ్బాయికి ఫోన్ చేసి చెప్తే (వేరే నంబరు నుంచి చేస్తే ఎత్తాడు) అతనిచ్చిన పరిష్కారం వినండి: "దానికేముందక్కా, ఫారం 9లో ఎలా ఉంటే అలా ప్లాన్ మార్చేద్దాం, లైసెన్స్ వచ్చేస్తుంది, మీరు కట్టుకునేది మీ ఇష్టం." నేనైతే ఒక్క క్షణం సరే అనబోయాను, నిజం. పని అయిపోతుంది కదా. కానీ లైసెన్స్‌లో అడ్డంగా ఉన్న ఇల్లు నేల మీద నిలువుగా కడితే, రేపు బ్యాంకు వాల్యూయర్ వచ్చి టేపు వేస్తే, లోన్ మూడో విడత ఆగిపోతే ఈ అబ్బాయి కడతాడా? పైగా ఆ కొలతల ప్రకారం పోతే మా వంటిల్లు మూడడుగులు పక్కవాళ్ల సైట్‌లో ఉంటుంది.

ఆ ఆదివారం అత్తయ్య, నేను, మా ఆయన ముగ్గురం సైట్‌కి వెళ్లాం. అయిదు మీటర్ల టేపు, దాంతో పన్నెండు మీటర్లు కొలవాలి, చూసుకోండి మా తెలివి. అత్తయ్య ఒక చివర పట్టుకుని "వొంకర పోతోంది, వొంకర పోతోంది" అని అరుస్తూనే ఉన్నారు. సైటంతా వయ్యారిభామ మొక్కలు నడుమెత్తు పెరిగున్నాయి, హద్దు రాళ్లు నాలుగిట్లో రెండే కనబడ్డాయి. మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలొచ్చాయి, అయినా ఒకటి మాత్రం తేలింది, పొడుగు ఉత్తర దక్షిణాలే, డీడ్‌లో ఉన్నదే నిజం.

సోమవారం మళ్లీ పంచాయతీ. ఫారం 9 సవరణకి ఒక అర్జీ, దానికి సేల్ డీడ్ నకలు, లేఅవుట్ అప్రూవ్డ్ ప్లాన్‌లో మా సైట్ నంబరు ఉన్న పేజీ, పన్ను రసీదులు. అర్జీ కన్నడంలో ఆ జిరాక్స్ షాపు ఆవిడే రాసిపెట్టింది, 50 రూపాయలు తీసుకుంది, ఏజెన్సీ మొత్తం ప్యాకేజీలో అంత పనికొచ్చిన 50 రూపాయలు లేవు. పీడీఓ గారు చదివి, తలెత్తకుండానే, బిల్ కలెక్టర్‌ని పంపిస్తాం, స్థలం చూసి మహజర్ (సాక్షుల సంతకాలతో తనిఖీ రిపోర్టు) రాయాలి అన్నారు. ఎప్పుడు సార్ అంటే "నాళె" అన్నారు. ఇక్కడి నాళె అంటే రేపు అని అర్థం కాదు, ఈ రోజు కాదు అని అర్థం, ఆ మాత్రం కన్నడం నాకొచ్చు. కానీ ఆ బిల్ కలెక్టర్ నిజంగానే మర్నాడు పొద్దున తొమ్మిదింటికి టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చేశాడు, నేను చేరేసరికే సైట్‌లో ఉన్నాడు.

ఐదు స్టార్లు ఈయనకే. యాభై దాటుంటాయి, లుంగీ మీద ఆఫీసు చొక్కా, చేతిలో ముప్పై మీటర్ల టేపు, ఇంకో చేతిలో వేపపుల్ల. నన్ను చూసి తెలుగులోనే "యాడమ్మా మీది, కదిరా? మా చిన్నమ్మను అక్కడికే ఇచ్చినారు" అన్నాడు. వయ్యారిభామలోకి దిగి, కాలితో తడుముతూ, నాలుగడుగులు అటు, రెండడుగులు ఇటు నడిచి ఒక చోట ఆగి పుల్లతో మట్టి గీకాడు. హద్దు రాయి. మేం ముగ్గురం గంటసేపు వెతికిన రాయి. "లేఅవుట్ ఏసినప్పుడు నేనే ఉండినానమ్మా" అన్నాడు. కొలిచి, నోటుబుక్‌లో పెన్సిల్‌తో రాసుకుని, నా చేతిలో ఉన్న ఏజెన్సీ ప్లాన్ తీసుకుని చూశాడు. ఒక నిమిషం చూశాడు. ఇంజనీర్ సంతకం పెట్టిన కాగితం అది. ప్లాన్‌లో వెనక మూల గుండ్రంగా ఒక బొమ్మ ఉంది, దాని మీద వేలు పెట్టి "ఈ ఇంగుడు గుంత ఈడెందుకు పెట్టినారు? నీళ్లు యాడికి పోతాయి?" అన్నాడు.

ఈ వైపు ఊళ్లలో భూగర్భ డ్రైనేజీ లేదు, ఎవరి ఇంటి నీళ్లు వాళ్ల జాగాలోనే ఇంకాలి, సెప్టిక్ ట్యాంకు, పక్కన ఇంకుడు గుంత. మా ప్లాన్‌లో ఆ గుంత దక్షిణం పడమర మూల ఉంది. ఆ మూలకి గోడ అవతల, చేయి చాపితే అందేంత దూరంలో, పక్కింటి వాళ్ల బోరు. వాళ్లు తాగే నీళ్లు. నాకా సంగతి తెలియక కాదు, ఆ బోరు పంపు శబ్దం వెళ్లినప్పుడల్లా వింటున్నాం, కానీ ప్లాన్‌లో గుండ్రాన్ని చూసి అది ఏదో అలంకారం అనుకున్నాను. ముందు వైపు రోడ్డు పక్కకి మార్చమన్నాడు, పల్లం కూడా అటే ఉందట, వాన పడినప్పుడు చూశాడట. మహజర్ రాసి, పక్క సైట్ ఆయనతో, పాలు పోసే అతనితో సాక్షి సంతకాలు పెట్టించి, టీ తాగుతారా అన్నా అంటే, "తాగినానమ్మా" అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఇక డబ్బు సంగతి, అందరూ అడిగేది ఇదే కాబట్టి. ఏజెన్సీ 65 వేలు "అన్నీ కలిపి" అన్నది కదా, మార్చిలో వివరం రాసిమ్మంటే వచ్చిన కాగితంలో ఒక లైను "ఆఫీసు ఖర్చులు 18,000". రసీదు ఉంటుందా అంటే నవ్వాడు. దాని కింద, చిన్న అక్షరాల్లో, లేబర్ సెస్ వేరే. లేబర్ సెస్ అంటే దొంగ లెక్క కాదు, 2025లో మేం కట్టినప్పుడు అది 1996 నాటి కేంద్ర చట్టం కింద కట్టడం ఖర్చు మీద 1 శాతం, నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధికి పోయేది. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపు అయితే అప్పట్లో ఉండేది కాదు, దాటితే ఉండేది, ఈ రోజుల్లో పది లక్షల్లో ఏ ఇల్లవుతుంది కనక, దాటినట్టే. కట్టాల్సిందే, కట్టాం, రసీదు ఉంది. కానీ అది ఇరవై, ముప్పై వేలకి తక్కువ పడని ఖర్చు, దాన్ని మొదటి రోజు చెప్పకుండా "అన్నీ కలిపి" అనడం నాకు నచ్చలేదు. ఆఫీసు ఖర్చుల విషయానికొస్తే, నేను స్వయంగా తిరిగిన అన్ని రోజుల్లో ఆ పంచాయతీలో నన్నెవరూ రసీదు లేని రూపాయి అడగలేదు. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని నేను చెప్పను, మీ అందరికీ వేరే అనుభవాలుంటాయి, నాకు తెలుసు. నా పద్దెనిమిది వేలు మాత్రం ఎక్కడికి పోయేవో నాకు అర్థమైంది.

కొత్త ప్లాన్ కె.ఆర్.పురంలో ఒక సివిల్ ఇంజనీర్ దగ్గర చేయించాను, 9 వేలు తీసుకున్నాడు. ఆయన మొదట అడిగిన మాట "ఫారం 9 చూపించండి". రెండో మాట "ఉత్తరం ఎటు?" ఆ రెండు మాటలకే ఇచ్చేయొచ్చు 9 వేలు. సవరించిన ఫారం 9 ఏప్రిల్ ఆఖర్లో వచ్చింది, లైసెన్స్ మే మూడో వారంలో.

ఈ హడావుడిలో నాకు బాగా పనికొచ్చినవి రెండు, రెండూ ప్రభుత్వానివే. ఒకటి దిశాంక్ యాప్. మీరు ఏ పొలంలో నిలబడి తెరిచినా మీ కాళ్ల కింద సర్వే నంబరు చూపిస్తుంది, ఊరి పాత మ్యాపులో ఉన్న బండిదారులు, వాగులు, చెరువులు గీతలతో సహా. గీత కొన్ని అడుగులు అటూ ఇటూ జరుగుతుంది, దాన్ని పట్టుకుని పక్కవాళ్లతో హద్దు తగాదా పెట్టుకోకండి, హద్దు కావాలంటే సర్వే శాఖకి హద్దుబస్తుకి, అంటే కొలిచి హద్దులు తేల్చమని, అర్జీ పెట్టాలి. కానీ కొనే ముందు ఒక్కసారి సైట్‌లో నిలబడి చూస్తే చాలు. మా వెనక వరసలో ఒకాయన సైట్ వెనక భాగం మ్యాపులో బండిదారి మీద పడుతోంది. పహాణీలో (మన అడంగల్) చూస్తే బి ఖరాబు అని ఉంది, అంటే దారులకి, వాగులకి, ఊరి అవసరాలకి వదిలేసిన నేల, అది ఎవరి సొంతమూ కాదు. ఆయన కొన్నది 1200 అడుగులు, కట్టుకోగలిగేది ఎంతో ఇంకా తేలలేదు. రెండోది రిజిస్ట్రేషన్ శాఖ కావేరీ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. 2004 నుంచి ఆన్‌లైన్‌లోనే వస్తుంది, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలి. వెనక్కి వెళ్లి చూడటం ఎందుకంటే, పూర్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి ప్రభుత్వమిచ్చిన భూమి అయితే 1978 చట్టం ప్రకారం అనుమతి లేకుండా చేతులు మారకూడదు, మారితే ఆ అమ్మకం చెల్లదు, మధ్యలో ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగినా సరే.

మా మరిది చెన్నై దగ్గర తిరువళ్లూరు వైపు కడుతున్నాడు, అతను నా కథ విని పడీపడీ నవ్వాడు. తమిళనాడులో 2024 జులైలో స్వీయ ధ్రువీకరణ అని తెచ్చారు, 2500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3500 అడుగుల లోపు ఇల్లయితే కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టి, అన్నీ సరిగ్గా ఉన్నాయని మనమే సంతకం చేసి, ఫీజు కడితే అనుమతి అప్పుడే వచ్చేస్తుంది, ముందుగా ఎవరూ వచ్చి చూడరు. వినడానికి నాకూ అసూయగానే ఉంది. కానీ మా ఫారం 9తో అలా చేసుంటే ఏమయ్యేది? తిరగబడిన కొలతల మీద నేనే సంతకం పెట్టి, బోరు పక్కన గుంత తవ్వి కూర్చునేదాన్ని. అదే మాట మరిదితో అంటే "మీకు రాయి వెతికిపెట్టేవాడు దొరికాడు కాబట్టి అలా అంటున్నారు వదినా" అన్నాడు. అదీ నిజమే.

"లైసెన్స్ లేకపోతే ఏమిటి, ఊళ్లో అందరూ అలాగే కట్టారు కదా" అనేవాళ్లకి ఒక్క మాట. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఇల్లు అనుమతి ప్రకారం పూర్తయిందన్న సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్లు ఇవ్వాలని చెప్పింది, దాంతో ఇక్కడ మీటర్ల కోసం చాలామంది నెలల తరబడి తిరిగారు. తర్వాత చిన్న ఇళ్లకి కొంత సడలింపు వచ్చింది. అయినా ముందు కట్టేద్దాం తర్వాత చూద్దాం అనే రోజులు పోయాయి, మా మేస్త్రీ కూడా పునాదికి దిగే ముందు లైసెన్స్ కాపీ అడిగి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

ఏజెన్సీకి ఒక్క స్టార్ కాకుండా రెండెందుకు అంటారా, రెండో స్టార్ ఎందుకంటే వాళ్లు కాగితాలు పారేయలేదు, అడగ్గానే ఫైల్ మొత్తం తిరిగిచ్చేశారు, చిల్లులతో సహా. మీకు నిజంగా సెలవు దొరక్కపోతే, ఏ విదేశంలోనో ఉంటే, ఇలాంటివాళ్లు కావాలి, తప్పదు. అప్పుడు కనీసం వాట్సాప్‌లో మూడు అడగండి: దరఖాస్తు నంబరు, పెట్టిన తేదీ, ఫారం 9 కొలతలు వాళ్ల నోటితో. మూడోది చెప్పడానికి వాళ్లు ఫైల్ తెరవాల్సి వస్తుంది.

మా 30 వేలలో 18 ప్లాన్‌కి కట్ చేసుకుని 12 తిరిగిస్తామన్నారు, జూన్‌లో. ఇప్పటికీ రాలేదు. పోయిన వారం ఫోన్ చేస్తే సార్ మీటింగ్‌లో ఉన్నారు అన్నారు.